వారంలోగా తిరిగి ఇవ్వవలెను

(పదిహేడో భాగం)

పోయిన వారం బైండరుని నిచ్చెన మూడో మెట్టు మీద వదిలేసి మనం ఎవరి పనుల మీద వాళ్లం వెళ్లిపోయాం. పాపం ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు. ఎడమకాలికి మోకాలి దాకా కట్టు, కుడిచేతిలో కత్తెర, తలకు జానెడు ఎత్తున పాత దుప్పటి చుట్టి దూలానికి వేలాడదీసిన సైకిలు. కింద గుమ్మంలో మరదలు. ఆవిడ అన్న మాట మీకు గుర్తుండే ఉంటుంది. "బావగారూ, ఆ సైకిలు మాత్రం ముట్టుకోకండి. ఎవరికీ ఇవ్వడానికి వీల్లేదు" అంది.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం. రెండు నెలల కిందట కాగితాలు కోసే మర దగ్గర ఇనుప దిమ్మ జారి బైండరు కాలి మీద పడింది. గాయం పుండైంది, పుండు ముదిరింది, వేళ్లు తీసెయ్యాల్సి రావచ్చని డాక్టరు నసిగేదాకా వెళ్లింది. అప్పుడు వచ్చింది కట్లమ్మాయి. మంచం దిగలేనివాళ్లకు ఇల్లిల్లూ తిరిగి పుళ్లు కడిగి కట్లు కట్టమని ఆసుపత్రివాళ్లు పంపే నర్సు ఆమె. వరసగా నలభై మూడు రోజులు వచ్చింది, ఒక్క రోజు నాగా పెట్టలేదు. వేళ్లు అయిదూ బైండరు కాలికే ఉన్నాయి.

అయితే పదిరోజుల కిందట ఆ పిల్ల సైకిలు హ్యాండిలు కింద రెండు ముక్కలైంది. వెల్డింగు షాపతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇంక దీనికి ఓపిక లేదు తల్లీ, వదిలెయ్ అన్నాడు. అప్పట్నుంచీ నడకే. మధ్యాహ్నంలోగా చూడాల్సిన పదకొండు ఇళ్లు సాయంత్రానికి గానీ పూర్తవడం లేదు. ఆసుపత్రిలో పెద్దనర్సు కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేసింది. సోమవారానికి బండేదైనా చూసుకుంటే సరే, లేకపోతే నిన్ను రికార్డుల గదిలో కూర్చోబెడతాం, ఊరి చివర నాలుగు ఇళ్లూ మన జాబితాలోంచి తీసేస్తాం అంది. ఆ నాలుగు ఇళ్లలోనూ లేచి నిలబడగలిగినవాళ్లు ఒక్కరు లేరు. ఇవాళ శనివారం. నాలుగింటికి కట్లమ్మాయి బైండరు కాలికి చివరి కట్టు కట్టడానికి వస్తుంది.

ఆయనకు సొంత సైకిలు వేరే ఉంది. కానీ అది కాగితం బస్తాలు మోసే ఏనుగులాంటి సైకిలు, ఆ పిల్ల ఎక్కితే కాళ్లు నేలకందవు. దూలానికి వేలాడుతున్నది ఆయన భార్యది. ఆవిడ పోయి ఆరేళ్లయింది. అప్పటినుంచీ అది అలా గాలిలోనే ఉంది, ఎక్కేవాళ్లు లేరు, దించేవాళ్లు లేరు.

ఇక కథలోకి వద్దాం.

మరదలు గుమ్మంలోంచి గబగబా వచ్చి నిచ్చెన కాళ్లు రెండూ పట్టుకుంది. పట్టుకున్నది ఆయన పడిపోకుండానా, పైకి ఎక్కకుండానా అన్నది ఆవిడకే తెలియాలి. ఏభై ఎనిమిదేళ్ల మనిషి. పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది. పెళ్లి మాటెత్తితే పని ఉందంటూ తప్పించుకుని, అక్క వెనకాలే ఈ షాపుకొచ్చి, ముప్ఫయ్యేళ్లుగా ఫారాలు కుడుతోంది. అచ్చయి మడతపెట్టిన కాగితాల కట్టని ఫారం అంటారు. ఫారాలన్నీ వరసగా పేర్చి, వెన్ను దగ్గర సూది దించి, దారంతో కలిపితేనే పుస్తకం. అట్ట సంగతి ఆ తరవాత. ఆవిడ కుట్టిన పుస్తకం విసిరి కొట్టినా కాగితం రాలదని లైబ్రరీలవాళ్లు చెప్పుకుంటారు. మనిషి కూడా అంతే, ఒకసారి పట్టు పట్టిందంటే వదిలించడం ఎవరివల్లా కాదు.

మొదట టైర్లు పుచ్చిపోయాయంది. టైర్లూ ట్యూబులూ గురువారమే తెప్పించి తలుపు వెనక పెట్టానన్నాడాయన. ఆవిడ తలుపు వెనక చూసింది, ఉన్నాయి. ఆ పిల్ల బక్కపలచన, ఈ బరువు తొక్కలేదంది. పదిరోజులుగా మందుల సంచీ భుజాన వేసుకుని ఊరంతా నడుస్తున్న పిల్లకి సైకిలు బరువా అన్నాడాయన. చివరికి అక్క గుర్తుగా ఉన్నది అదొక్కటే అంది. గుర్తుకేం, మీ అక్క ఈ గదిలో ప్రతి అట్ట మీదా ఉంది, దీన్ని దుప్పటి చుట్టి వేలాడదీస్తే ఏం సుఖపడుతోందని అడిగాడు.

మామూలుగా అయితే ఈపాటికి ఎవరో ఒకరు తగ్గేవాళ్లు. ఆ ఇంట్లో తగువులు పొయ్యి మీద పాలలాంటివి, పొంగినంతసేపు పట్టదు చల్లారడానికి. కానీ ఇవాళ ఆయనకు కోపం ఆగలేదు. ఎందుకంటే ఆయనకు థాంక్స్ చెప్పడం చేతకాదు. చిన్నప్పట్నుంచీ అంతే. ఎవరైనా మేలు చేస్తే తల గోక్కుంటాడు, వాళ్ల దగ్గరున్న చిరిగిన పుస్తకం ఏదైనా లాక్కుని కొత్త అట్ట కట్టి ఇస్తాడు. కట్లమ్మాయి మందుల పుస్తకానికి ఇప్పటికే తోలు వెన్ను, గళ్ల అట్ట పడ్డాయి. మీ అట్ట చూసి డాక్టరుగారు కుళ్లుకుంటున్నారు బాబాయ్ అని ఆ పిల్ల నవ్వింది కూడా. అయిదు వేళ్లకి ఒక అట్ట సరిపోతుందా? సరిపోదని ఆయనకు తెలుసు.

"ఆ పిల్ల చెప్పులు చూశావా నువ్వు?" అన్నాడు పైనుంచి. "మడమ దగ్గర అరిగి అరిగి కాగితంలా అయిపోయాయి. మొన్న వానలో తడిసి వచ్చి, తన తల తుడుచుకోకుండా ముందు నా కాలు తుడిచింది. అలాంటి మనిషికి వాడకుండా పడున్న సైకిలు ఇవ్వడానికి నీకు మనసు రాకపోతే, ఇంక నీతో నేను మాట్లాడేదేం లేదు."

మరదలు నిచ్చెన వదిలేసింది.

"మనసు రాక కాదు బావగారూ" అంది. గొంతు ఆవిడది కానట్టుగా ఉంది. "దానికి బ్రేకు లేదు. అది ఎక్కే అక్క పోయింది. ఇప్పుడు ఈ పిల్లని కూడా ఎక్కించమంటారా?"

"బ్రేకు లేదని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పక్కర్లేదు. అక్క పోయే ముందురోజు సాయంత్రమే నాకు తెలుసు."

ఆ తరవాత ఆవిడ ఆగలేదు. ఆరేళ్లుగా ఒక్కో కుట్టూ బిగించుకుంటూ వచ్చిన మనిషి, ఒక కొస దొరికేసరికి మొత్తం ఊడదీసింది. బడులు తెరిచే రోజులు. రెండువందల హాజరు పట్టీలు మర్నాడు పొద్దున పదింటికి అందాలి. చివరి నలభై ఉన్నాయనగా దారం అయిపోయింది. అక్క సైకిలు తీసుకుని దారం కొట్టుకు పరిగెత్తింది తను. తిరిగొస్తూ మలుపు దగ్గర వెనక బ్రేకు నొక్కితే పిడి వచ్చి వేళ్లకు తగిలింది, బండి మాత్రం ఆగలేదు. కాళ్లు నేలకానించి ఎలాగో ఆపుకుంది. ఇంటికెళ్లగానే అక్కకు చెప్పాలనుకుంది. వచ్చేసరికి అక్క జిగురు కాస్తోంది, బావ అట్టలు కోస్తున్నాడు, తనను చూడగానే దారమేదీ అని ఇద్దరూ ఒక్కసారి అడిగారు. చెప్పాలనుకున్న మాట జారిపోయింది. పొద్దున లేవగానే మళ్లీ పట్టీలు, మళ్లీ సూది. తొమ్మిదిన్నరకు అక్క ఆ పట్టీలన్నీ వెనక కట్టుకుని బయల్దేరింది. రైలుగేటు వాలు దిగి ఇంక తిరిగి రాలేదు.

"ఒక్క మాట" అంది మరదలు. "బ్రేకు చూసుకోవే అక్కా అని ఒక్క మాట. ఈ రెండు చేతులతో మీ సంసారం కూల్చి, ఈ రెండు చేతులతోనే మీకు వండి పెడుతున్నాను. అందుకే మీరు దాన్ని పైన కట్టేసినప్పుడు, పోన్లే, ఇంకెవరూ ఎక్కరు అనుకున్నాను."

బైండరు నిచ్చెన మీద కదలకుండా నిలబడ్డాడు. ఆయన మొహంలో కోపం లేదు, ఏడుపు లేదు. అచ్చులో ఒక పేజీ తారుమారైన పుస్తకం చేతికొచ్చినప్పుడు ఎలా చూస్తాడో అలా చూస్తున్నాడు.

"ఆ సాయంత్రం నువ్వు తెచ్చిన దారం రంగేంటి?" అని అడిగాడు.

మరదలికి అర్థం కాలేదు. తను చెప్పిందేంటి, ఈయన అడుగుతున్నదేంటి.

"ఇప్పుడు దారం ఎందుకు బావగారూ?"

"చెప్పు."

"ఆకుపచ్చది. తెల్లది అయిపోయిందన్నాడు. హాజరు పట్టీలకు ఆకుపచ్చ దారమేంటని అక్క కూడా తిట్టింది."

"అంతకుముందు మన షాపులో ఎప్పుడైనా ఆకుపచ్చ దారం ఉందా?"

"ఎందుకుంటుంది? తెలుపు తప్ప మీరు ఏనాడైనా వాడనిచ్చారా?"

"అయితే వచ్చి ఈ చక్రం పట్టుకో" అన్నాడు బైండరు, కత్తెరతో మొదటి తాడు కోస్తూ.

సైకిలు దిగింది. దూలం మీద ఆరేళ్ల దుమ్మంతా ఇద్దరి తలల మీదా పడింది. దుప్పటి విప్పాక ముందు కనిపించింది సీటు. దాని గురించి చెప్పకపోతే నాకు తోచదు. భార్య సీటు చిరిగిందని ఒకప్పుడు ఆయన దానికి అట్టలకు అంటించే మెరూన్ రంగు కాలికో గుడ్డతో, చుట్టూ తోలు అంచుతో పుస్తకానికి కట్టినట్టే అట్ట కట్టాడు. అక్కడితో ఆగితే బాగుండేది. లైబ్రరీ పుస్తకాల మీద బంగారు రంగులో అక్షరాలు ఒత్తే ఇత్తడి అచ్చొకటి షాపులో ఉంది. దాన్ని వేడి చేసి సీటు వెనక భాగాన ఒత్తేశాడు. "వారంలోగా తిరిగి ఇవ్వవలెను." ఆవిడ వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆ తరవాత ఇరవయ్యేళ్లు దాని మీదే కూర్చుని ఊళ్లో ప్రతి బడికీ, ప్రతి ఆఫీసుకీ పుస్తకాలు చేరవేసింది. వెనక వచ్చేవాళ్లంతా చదువుకుని నవ్వుకునేవాళ్లు. అక్షరాలు ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

బైండరు సీటు వైపు చూడలేదు. కుంటుకుంటూ వెనక చక్రం దగ్గర కూలబడి, బ్రేకు తీగ చివర వేలితో తడిమి, మరదల్ని కళ్లజోడు పెట్టుకుని చూడమన్నాడు.

ఆవిడ వంగి చూసింది. తీగ కొస విచ్చిపోకుండా దానికి దారం చుట్టి ఉంది. దగ్గర దగ్గరగా, చుట్టు పక్కన చుట్టు, పైన జిగురు పూత. పుస్తకం వెన్ను చివర వేసే చుట్టే అది, ఈ ఊళ్లో బావకీ తనకీ తప్ప ఎవరికీ రాదు. దుమ్ము పట్టింది గానీ, గోటితో గీకగానే రంగు బయటపడింది. ఆకుపచ్చ.

"రోజూ మీ అక్క బయల్దేరే ముందు బ్రేకులు నొక్కి చూడటం నాకు అలవాటు" అన్నాడు బైండరు. "ఆ రోజు బరువెక్కువని పొద్దున ఆరింటికే చూశాను. వెనక తీగ వదులైపోయింది. సొరుగులో కొత్త తీగ ఉంటే వేశాను. కొసకి పెట్టే బిళ్ల దొరకలేదు. బల్ల మీద నీ కొత్త రీలుంటే మూర దారం తెంపి చుట్టాను. కొత్త రీలు ఎవరు తెంపారని ఏడింటికి నువ్వు ఇల్లెగిరిపోయేలా అరిచావు, గుర్తు లేదూ?"

గుర్తుంది. ఆవిడకు అన్నీ గుర్తున్నాయి, ఈ ఒక్కటీ దేనికీ కలపకుండా విడిగా పెట్టుకుంది. తను అరుస్తుంటే బావ తల గోక్కుంటూ దొడ్లోకి జారుకున్నాడు. అక్క జిగురు చేతులతో బయటికొచ్చి, నేనే తెంపానులేవే బుడంకాయా, ఇక అరవకు అంది. ఆ పేరు అక్క ఒక్కతే పిలిచేది, అదీ ఇంట్లో, నాలుగు గోడల మధ్య. చిన్నప్పుడు పొట్టిగా బొద్దుగా ఉండేదని పెట్టిన పేరు. అక్కతో పాటు ఆ పిలుపూ పోయింది.

మరదలు ఫారాల కట్ట మీద కూలబడింది. మడతలు నలుగుతాయని ఎవరినీ కూర్చోనివ్వని కట్ట అది. అయితే అక్క ఎలా పోయిందని అడిగింది, చిన్నపిల్ల అడిగినట్టు.

గుండె ఆగి పోయిందన్నాడాయన. డాక్టరు ఆ రోజే చెప్పాడు. వాలు మీద ఆవిడ పడలేదు. వాలు దిగి, కింద సాఫీ రోడ్డు మీద బండి ఆపుకుని దిగి, గోడకు ఆనుకుని కూర్చుంది. బ్రేకు పట్టబట్టే ఆపుకోగలిగింది. ఆయన వెళ్లి చూసేసరికి సైకిలు స్టాండు వేసి ఉంది, పట్టీల్లో ఒక్కటి కూడా కింద పడలేదు. ఎవరో చదువుకునే పిల్ల ఒకతె పక్కనే కూర్చుని, బండి పిలిపించి, ఆసుపత్రి దాకా చెయ్యి పట్టుకుని వచ్చిందట. పరీక్ష ఉందంటూ ఈయన చేరేలోగానే వెళ్లిపోయింది. నెల రోజులు ఆ వాలు దగ్గర దుకాణాలన్నీ అడిగాడు, ఆచూకీ దొరకలేదు. ఆ పిల్లకి ఒక దండం పెట్టుకోలేకపోయానని ఆయనకు ఇప్పటికీ వెలితి.

"ఇదంతా నాకెందుకు చెప్పలేదు?" అంది మరదలు.

"నీకు తెలుసనుకున్నాను. మీ అక్క మాటెత్తితే చాలు, లేచి వెళ్లిపోయేదానివి. నీ బాధ చూడలేకే ఆ సైకిలు పైన కట్టాను."

"మీరు చూడలేక కట్టారనుకున్నాను నేను."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పొద్దున్నే ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చుని, ఒకే జిగురు గిన్నెలో చేతులు ముంచి, ఒకే కూర తిని, ఆరేళ్లు గడిపారు. ఒక్క మాట ఈవిడ అడగలేదు, ఒక్క మాట ఆయన చెప్పలేదు. పుస్తకాలు కుట్టి కుట్టి వీళ్లకి నోళ్లు కూడా కుట్టుకుపోయాయేమోనని నాకు అప్పుడప్పుడు అనుమానం. మరదలు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. ఆయనకు ఓదార్చడం కూడా చేతకాదు. పక్కనే కూర్చుని, ఫారాలు నలుగుతున్నాయి అని రెండుసార్లు అన్నాడు.

ఏడుపు తగ్గాక ఆవిడ కళ్లు తుడుచుకుని, "ఇన్నాళ్లకి నాకు ఊపిరాడింది బావగారూ" అంది. "ఆ పొద్దున మీరు లేచి ఆ తీగ మార్చారు చూడండి, అందుకు మీకు ఏం ఇచ్చినా తీరదు."

బైండరు తల గోక్కున్నాడు.

ఆ పైన చూడాలి ఆవిడ హడావుడి. గంట కిందట ముట్టుకోవద్దన్న మనిషే చీర కుచ్చిళ్లు దోపుకుని కిరసనాయిలు గుడ్డతో ఊచ ఊచా తుడిచింది. టైర్లు ఎక్కించేటప్పుడు బావ పట్టు చాలడం లేదని తోసేసి తనే ఎక్కించింది. పంపు కొట్టింది, గొలుసుకు నూనె వేసింది, గంట మూగపోయిందని విప్పి మళ్లీ బిగించింది. వెనక బ్రేకు పదిసార్లు నొక్కి చూసింది. అది పదిసార్లూ పట్టింది. తీగ కొసన ఉన్న దారాన్ని మాత్రం తుడవలేదు, అలాగే ఉంచింది. ఆఖర్న దుప్పటి దులిపి సైకిలు మీద మళ్లీ కప్పింది. చూడగానే తెలిసిపోతే మజా ఏముంటుందని ఆవిడ వాదన.

నాలుగు కొట్టేసరికి కట్లమ్మాయి వచ్చింది. ఇరవయ్యేడేళ్లుంటాయేమో. చెమటతో జుట్టు నుదుటికి అతుక్కుని ఉంది. వస్తూనే కాళ్లూ చేతులూ కడుక్కుని, మందుల సంచీ విప్పి, ముందు బైండరుని ముక్కాలిపీట మీద కూర్చోబెట్టింది. మూలనున్న దుప్పటి ముద్ద వైపు కన్నెత్తి కూడా చూడలేదు. కట్టు విప్పి గాయం మీద దూది అద్ది, తనలో తనే నవ్వుకుంది.

"మూసుకుపోయింది బాబాయ్. ఇంక నాతో పని లేదు మీకు."

సోమవారం సంగతి ఏంటమ్మా అని అడిగాడు. ఏముంది బాబాయ్, రికార్డుల గది, నీడపట్టున కూర్చోవచ్చు అంది. తరవాత కట్టు చుడుతూ, తల ఎత్తకుండా, ఊరి చివర ఇంట్లో ముసలాయన గురించి చెప్పింది. వీపు మీద పుండు. కిటికీ పక్కనే పడుకుని ఉంటాడు. రోజూ ఆమె సైకిలు గంట వినగానే తనంతట తనే పక్కకు తిరిగి సిద్ధంగా ఉండేవాడు. ఈ పదిరోజులూ గంట లేదు కదా, ఎప్పుడొస్తుందో తెలియక పొద్దుట్నుంచీ పక్కకు తిరిగే ఉంటున్నాడు. సోమవారం నుంచి రాలేనని ఆయనకు ఇంకా చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియడం లేదంది.

బైండరు పొద్దుటి నుంచీ ఒక వాక్యం కూర్చుకుని పెట్టుకున్నాడు. నువ్వు నా కాలు నిలబెట్టావు, నీ కాళ్లకు ఇది అని మొదలవుతుంది. నోరు తెరిచాడు. వాక్యం గొంతులోనే ఉండిపోయింది. మరదలు వైపు చూశాడు. ఆవిడ ఇంక ఆగలేక దుప్పటి లాగేసింది.

కట్లమ్మాయి కట్టు ముడి వెయ్యడం ఆపి చూసింది. సాయంకాలపు ఎండ హ్యాండిలు మీద పడి మెరుస్తోంది.

"ఎవరిది బాబాయ్?" అంది.

"నీదే" అన్నాడు. అంత పెద్ద వాక్యంలోనూ ఆ రెండక్షరాలే బయటపడ్డాయి.

ఆ పిల్ల లేచి నిలబడింది. మళ్లీ కూర్చుని, మొదలుపెట్టిన ముడి శ్రద్ధగా పూర్తిచేసి, అప్పుడు లేచింది. కళ్లు నిండిపోయాయి. సైకిలు దగ్గరికి వెళ్లి గంట మీట నొక్కింది. అది షాపంతా మోగింది. పక్కకు తిరగండి తాతగారూ అని గాలిలోకి చెప్పి, నవ్వుతూ ఏడ్చేసింది. మీకు ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు బాబాయ్, అక్కడ నలుగురి తరఫునా నేను ఒక్కదాన్నే చెప్పాలి అంది. ఎలా చెప్పాలో తెలియనివాళ్లు ఆ గదిలో తనొక్కడే కాదని తెలిసి బైండరుకు ప్రాణం తేలికపడింది. ఏం చెప్పక్కర్లేదమ్మా, తొక్కు చాలు అన్నాడు.

ఎత్తు సరిపోతుందో లేదో చూడమంది మరదలు. ఆ పిల్ల సీటు మీద చెయ్యి వేసింది. అక్షరాలు చేతికి తగిలాయి. వంగి చదివింది.

చదివి అలాగే ఉండిపోయింది. చెయ్యి తియ్యలేదు, తల ఎత్తలేదు.

బైండరు నవ్వాడు. "ఆ రాతకి భయపడకు, అది లైబ్రరీ అచ్చు. నువ్వు తిరిగి ఇవ్వక్కర్లేదు."

ఆ పిల్ల నవ్వలేదు. ఆయన వైపు తిరిగి, తడబడుతూ, ఈ సైకిలు రైలుగేటు వాలు దగ్గర ఉండేదా అని అడిగింది. ఆరేళ్ల కిందట, బడులు తెరిచే రోజుల్లోనా అంది. వెనక పెద్ద పుస్తకాల కట్ట, ఆకుపచ్చ దారంతో కుట్టినవి పైన కనిపిస్తూ ఉన్నాయా అని కూడా అడిగింది. ఒక్కో ప్రశ్నకీ ఆమె గొంతు తగ్గిపోయింది. బైండరు ప్రతిదానికీ తల ఊపాడు.

"ఆ రోజు దీనికి స్టాండు వేసింది నేనే బాబాయ్" అంది కట్లమ్మాయి. "నర్సింగు మొదటి పరీక్షకి వెళ్తున్నాను. ఆవిడ బండి దిగి గోడకి ఆనుకుని కూర్చున్నారు. సీటు మీద ఈ అక్షరాలు చూపించి, మా ఆయన పని ఇది అని నవ్వారు కూడా. ఆసుపత్రికి వెళ్లే దారిలో నా చెయ్యి పట్టుకుని ఒక మాట చెప్పారు. ఇంట్లో ఒక మనిషికి ఆ మాట చేరవెయ్యమన్నారు. ఇల్లెక్కడో చెప్పేలోపే స్పృహ తప్పింది. పరీక్ష అయ్యాక పరిగెత్తుకొచ్చాను, అప్పటికే తీసుకెళ్లిపోయారన్నారు. ఆరేళ్లుగా ఆ మాట నా దగ్గరే ఉండిపోయింది. ఎవరికి ఇవ్వాలో తెలియలేదు. మనిషి పేరు మాత్రం గుర్తుంది, కానీ అలాంటి పేరుతో ఎవరినని వెతకను?"

ఆమె బైండరు మొహం చూసింది, మరదలు మొహం చూసింది. అడగడానికి మొహమాటపడి, చివరికి అడిగేసింది.

"మీ ఇంట్లో బుడంకాయ అంటే ఎవరండీ?"

ఏభై ఎనిమిదేళ్ల మరదలు, బళ్లో హాజరు పలికే పిల్లలా, మెల్లగా చెయ్యి పైకెత్తింది.

(సశేషం)